వంతెన కూలిందట!

నమ్మదగిన సమాచారం దొరక్కపోవడమంత వరం ఈ లోకంలో మరొకటి లేదు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. ఏ ఊరి గురించి కావాలన్నా ఫోన్ తీసి వేలితో నాలుగు గీతలు గీస్తే చాలు, అక్కడి టీకొట్టు ఎన్నింటికి తెరుస్తారో కూడా తెలిసిపోయే రోజులివి. ఇలా అన్నీ తెలిసిపోతే మనిషి బుర్రకి పనేం మిగులుతుంది? ఇంట్లో వాదనలెలా పుడతాయి? పక్కింటాయన మనకి సలహా ఎలా ఇస్తాడు? అందుకే ఆ దేవుడు దయతలచి కొన్ని దేశాల్ని ఇంటర్నెట్‌కి అందకుండా దాచిపెట్టాడు. అలాంటి ఒక దేశానికి ప్రయాణం కట్టే భాగ్యం ఈమధ్య మా ఇంటికి పట్టింది.

ఆఫ్రికాలో ఒక చిన్న దేశం అది. దాని పేరు చెబితే ఎవరైనా ముందు "ఓహో" అంటారు, కాస్త ఆగి "అది దేశమా, ఊరా?" అంటారు. ప్రపంచపటంలో దాని పేరు దాని ఒంటి మీద పట్టదు. సముద్రంలో రాసి, అక్కడి నుంచి గీత గీస్తారు. మా బావమరిది ఉండేది అక్కడే.

వాడు లిఫ్ట్ మెకానిక్. ఆ దేశంలో కొత్తగా కట్టిన పెద్దాసుపత్రిలో లిఫ్టులు బిగించడానికని కంపెనీవాళ్ళు పంపారు. బిగించాడు. ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయిని చూశాడు. ఇక ఆ అంతస్తు దగ్గర లిఫ్టుకి ఎప్పుడూ ఏదో ఒక నట్టు వదులవుతూనే ఉండేది! చివరికి ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, పెళ్ళి చేసుకుంటున్నాను. ఇక్కడే. నువ్వూ బావా వచ్చేయండి" అన్నాడు.

అక్క అంటే మా ఆవిడ. మందుల షాపు నడుపుతుంది. తల్లి పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంటూ, "వాడి పెళ్ళిలో వాడి పక్కన నిలబడటానికి నేను కాక ఇంకెవరున్నారండీ?" అంది. తల్లి నిలబడాల్సిన చోట ఈవిడ నిలబడాలి. ఇందులో రెండో మాట లేదు, వెళ్ళి తీరాలి.

వెళ్ళడమెలా? అసలు కథ ఇక్కడే మొదలైంది.

"అక్కడే ఉన్న బావమరిదిని అడిగితే సరిపోయేది కదా?" అని మీరు అడగొచ్చు. వాడి సంగతి తెలియదు కాబట్టి అడుగుతున్నారు. వాడికి ఇంట్లో పేరు "ఏంకాదు". బుద్ధెరిగినప్పటి నుంచీ దేనికైనా వాడి జవాబు అదొక్కటే. గోడ ఎక్కకురా, పడతావు అంటే, ఏం కాదు. రేపు పరీక్షరా అంటే, ఏం కాదు. ఒకసారి కొత్తగా బిగించిన లిఫ్ట్ చూపిస్తానని నన్ను ఎక్కించాడు. అది రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లైటు ఆరిపోయింది. నాకు ఒళ్ళంతా చెమటలు. చీకట్లోంచి వాడి గొంతు, "ఏం కాదు బావా!" స్క్రూడ్రైవర్‌తో ఏదో గెలుకుతూ, మధ్యమధ్యలో నాకు జోకులు చెబుతూ, మొత్తానికి దాన్ని కదిలించి నన్ను క్షేమంగా ఇంటి దగ్గర దిగబెట్టాడు. నిజమే, ఏమీ కాలేదు. అంతమాత్రాన నమ్మేస్తామా? వాడు "ఏం కాదు" అన్నాడంటే ఏదో అయ్యే తీరుతుందని ఆనాడే నేను తీర్మానించేసుకున్నాను.

అలాంటివాణ్ని ఫోన్లో అడిగితే ఏం చెబుతాడు?

"అక్కడ నీళ్ళెలా ఉంటాయిరా?"

"ఏం కాదు బావా, వచ్చేయండి."

"ఎయిర్‌పోర్టు నుంచి మీ ఊరికి దారెలా ఉంటుందిరా?"

"ఏం కాదు, మీరు వచ్చేయండి."

పోనీ పెళ్ళికూతుర్ని అడుగుదామా అంటే, ఆ పిల్లకొచ్చిన తెలుగంతా వీడి దగ్గర నేర్చుకున్నదే. "తిన్నారా అక్కా?", "స్పానర్ ఎక్కడ?", "ఏం కాదు, వచ్చేయండి". అంతే, అయిపోయింది! అంటే సమాచారమంతా ఒకే గొట్టంలోంచి వస్తోందన్నమాట. పరిశోధకుడన్నవాడు అలాంటిదాన్ని నమ్మొచ్చా?

ఇక మిగిలింది పెళ్ళికూతురి తల్లి. ఆవిడకి బట్టలు కుట్టే దుకాణం ఉంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో కనబడుతుంది. ఆవిడ ఇంగ్లీషూ మా ఆవిడ ఇంగ్లీషూ కలిపితే ఒక వాక్యం అవుతుంది, మిగతాదంతా నవ్వులే. నవ్వడం అయ్యాక ఆవిడ మా ఆవిణ్ని లేచి నిలబడమని సైగ చేస్తుంది. చెయ్యెత్తమంటుంది. అటు తిరగమంటుంది. మా ఆవిడ బుద్ధిగా తిరుగుతుంది. "ఇదేమిటే?" అంటే, "వాళ్ళ మర్యాదేమోనండీ, పాపం" అంటుంది.

"పోనీ ఆవిణ్నే అడిగేస్తే?" అన్నాను.

"మతుండే మాట్లాడుతున్నారా? మగపెళ్ళివాళ్ళం మనం! మీ ఊరికి రోడ్డుందా, మీ నీళ్ళు తాగితే బతుకుతామా, మీ వీధిలో దొంగలున్నారా అని పెళ్ళికూతురి తల్లినే అడుగుతామా? ఎంత చిన్నబుచ్చుకుంటుందావిడ!"

ఆ మాటా నిజమే. అక్కడ ఉండేవాళ్ళని అక్కడి సంగతులు అడగడం ఎంత అమర్యాద! కాబట్టి అక్కడ ఎన్నడూ అడుగుపెట్టనివాళ్ళని అడగడం మొదలుపెట్టాం.

ముందుగా ఆ దేశపు టూరిజం శాఖ వెబ్‌సైట్ తెరిచాను. ఒక సింహం బొమ్మ, దాని కింద "పనులు జరుగుతున్నాయి, త్వరలో కలుద్దాం" అన్న మాట. ఆ సింహం ఎన్నాళ్ళ నుంచి అలా నిలబడి ఉందో పాపం! కానీ ఒకటి మెచ్చుకోవాలి. ఈ వెబ్‌సైట్ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆ తర్వాత నేను చూసినవాటిలో దేనికీ ఆ కీర్తి దక్కలేదు.

ఎందుకంటే రెండోది యాత్రికుల గైడ్ వెబ్‌సైట్. "వానాకాలం తప్ప ఎప్పుడైనా వెళ్ళవచ్చు" అని పైన ఉంది. "వానలు ఎప్పుడైనా పడవచ్చు" అని కింద ఉంది. పక్కనున్న ఫొటోలో సముద్రం, మంచుకొండ, ఒంటె, మూడూ ఒకేచోట నిలబడి ఉన్నాయి. ఒంటె ముఖం చూస్తే అదీ నాలాగే ఏ దేశంలో ఉన్నానా అని ఆలోచిస్తున్నట్టు ఉంది.

మూడోది, ఒక పెద్ద దేశంవాళ్ళు తమ ప్రజల కోసం రాసిపెట్టిన జాగ్రత్తలు. జనం గుమిగూడే చోటికి వెళ్ళవద్దట. జనం లేని చోటికి అసలే వెళ్ళవద్దట. పగలు ఎండకి బయటికి రావద్దట, చీకటి పడితే గడప దాటవద్దట. నడవవద్దట, వాహనం ఎక్కవద్దట. ఇవన్నీ పాటించి హాయిగా పర్యటించమని చివర్లో శుభాకాంక్షలు! మా ఆవిడ అది చదివి, "పెళ్ళంటే జనం గుమిగూడే చోటే కదండీ?" అని దిగులుగా అడిగింది.

హోటల్ రివ్యూల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా బావమరిది ఉండే ఊర్లో ఉన్నది ఒక్కటే హోటల్. ఒకాయన దానికి అయిదు స్టార్లు వేసి "తువ్వాళ్ళు మెత్తగా ఉన్నాయి" అని రాశాడు. ఇంకొకాయన ఒక్క స్టారు వేసి, "విమానం రద్దయింది, నేను వెళ్ళలేదు" అని రాశాడు. వెళ్ళకపోయినా అభిప్రాయం మాత్రం ఆపుకోలేదు చూశారా, అదీ పౌరధర్మం!

ఈమధ్య ఏదడిగినా జవాబు చెప్పే కంప్యూటర్ బుద్ధిజీవి ఒకటి వచ్చింది కదా, దాన్నీ వదల్లేదు. ఎయిర్‌పోర్టు నుంచి ఆ ఊరికి రైలుంది అంది. నిజమేనా అన్నాను. క్షమించండి, మీరు చెప్పింది నిజమే, రైలు లేదు అంది. నేనేమీ చెప్పలేదు కదా అన్నాను. మళ్ళీ క్షమాపణ చెప్పి, రైలుంది అంది. ఎంత వినయం! మా ఇంట్లో ఇంత మర్యాదగా ఓడిపోయేవాళ్ళు నేను కాక ఇంకెవరూ లేరు.

యంత్రాలెందుకు, మనుషులే నయమని పక్కింటి రిటైర్డ్ ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాను. "ఆఫ్రికానా? నాకు కొట్టినపిండి!" అన్నాడాయన, వాలుకుర్చీలో సర్దుకుంటూ. ఎప్పుడో ఉద్యోగంలో ఉండగా వేరే ఎక్కడికో వెళ్తూ, విమానం మారడానికి ఆఫ్రికాలో ఏదో ఎయిర్‌పోర్టులో ఒక పూట కూర్చున్నాడు. గాజు అద్దంలోంచి చూశాడు. ఆ అద్దంలో కనబడినంత మేరా ఆఫ్రికా అంతటికీ ఆయనే సాధికారి.

"దుప్పట్లు తీసుకెళ్ళండి. విపరీతమైన చలి" అన్నాడు.

"చలా అండీ?"

"గడ్డకట్టుకుపోయాననుకోండి! ఏసీ అలా పెట్టారు వాళ్ళు."

దుప్పట్లు సర్దుకున్నాం. మా ఆవిడ షాపులోంచి మందుల పెట్టె ఒకటి తయారుచేసింది. జ్వరానికి, వాంతులకి, దోమకి, ఈగకి, తెలిసిన రోగాలకి ఒక అర, తెలియనివాటికి ఒక అర. రోజంతా కౌంటర్ దగ్గర నిలబడి నిలబడి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, వాటికి మాత్రం మందు పెట్టుకోవడం మరిచిపోయింది. ఆ పెట్టె చూస్తే మేం పెళ్ళికి వెళ్తున్నామో, యుద్ధానికి వెళ్తున్నామో ఎవరూ చెప్పలేరు. ఇంతటి ముందుచూపు నమ్మదగిన సమాచారం ఉంటే వచ్చేదా? చెప్పండి!

ఇంతలో ఆ దేశానికి మన ఊర్లోనే ఒక గౌరవ కాన్సుల్ ఉన్నాడని తెలిసింది. అంటే జీతం లేకుండా ఆ దేశం తరఫున ఇక్కడ ప్రతినిధిగా ఉండే పెద్దమనిషి. ఎగిరి గంతేసి వెళ్ళాను. అది ప్లైవుడ్ దుకాణం. రంపపు పొట్టు మధ్య, ఫెవికాల్ డబ్బాల పైన, ఆ దేశపు జెండా, ఇత్తడి బోర్డు.

"ఆ దేశమేనండీ, నేనే కాన్సుల్‌ని. కూర్చోండి కూర్చోండి!" అన్నాడాయన. నేనే ఆయనకి మొదటి అతిథినట. సంతోషంతో టీ తెప్పించాడు.

"అక్కడి రోడ్లూ అవీ ఎలా ఉంటాయండీ?"

"నేను వెళ్ళలేదండీ. కలప తెప్పిస్తుంటాను, వాళ్ళకి నా మీద గురి కుదిరి ఈ హోదా ఇచ్చారు. మీరు వెళ్ళొచ్చాక ఎలా ఉందో కాస్త నాకు చెప్పండి. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉంటుంది."

ఇంత నిజాయితీపరుణ్ని నేను ఆ వెతుకులాట మొత్తంలో చూడలేదు. సింహం తర్వాత ఈయనే.

ఇక చివరిగా మిగిలింది ఆ యాత్రికుల వెబ్‌సైట్‌లో ప్రశ్న అడిగే చోటు. ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా చెప్పొచ్చు. వానల గురించి చదివి చదివి ఉన్నానేమో, పైగా ఏదో దేశంలో వరదకి కొట్టుకుపోయిన వంతెన ఫొటో ఆ రోజే పేపర్లో చూశానేమో, నా బుర్రలో పురుగు మెదిలింది. ఎయిర్‌పోర్టు నుంచి ఆ ఊరికి వెళ్ళాలంటే ఒక నది దాటాలి. "ఆ నది మీద వంతెన బాగానే ఉందా? వానలకి కూలిపోలేదు కదా?" అని అడిగాను. పేరు బయటపెట్టడం ఎందుకని కింద "ఒక ప్రయాణికుడు" అని పెట్టాను. జవాబేమీ రాలేదు.

జవాబు రాకపోయినా, తర్వాతి వారం టికెట్లు తీసుకుందామని ఇద్దరం ట్రావెల్స్‌కి వెళ్ళాం. మా ఆవిడ షాపు మూసి, చక్కగా తయారై వచ్చింది. సూట్‌కేసు అప్పటికే ఇంట్లో తలుపు పక్కన నిలబెట్టి ఉంది. ట్రావెల్స్ ఆయన ఊరి పేరు కంప్యూటర్‌లో కొట్టి, కళ్ళజోడు పైకి నెట్టాడు.

"ఆ ఊరికా సార్? మీరెలాగైనా వెళ్తామంటే బుక్ చేస్తాను గానీ, దారిలో వంతెన కూలిందటండీ!"

చూశారా, నా అనుమానమే నిజమైంది! స్క్రీన్ మా వైపు తిప్పాడు. "వానల వల్ల వంతెన దెబ్బతిన్నట్టు ప్రయాణికుల తాజా సమాచారం" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. ఇంకో సైట్ తెరిచాడు, అక్కడా ఉంది. మూడో సైట్‌లో అయితే రాకపోకలు పూర్తిగా నిలిచిపోయాయి. కంప్యూటర్ బుద్ధిజీవిని అడిగాను. "అవును, వంతెన కూలడం విచారకరం" అంది, మొదటిసారి మాట మార్చకుండా.

"నిజమేనంటారా?" అంది మా ఆవిడ, స్క్రీన్ దగ్గరికి వంగి.

"ఒకచోట రాస్తే అబద్ధం అనుకోవచ్చు. అన్నిచోట్లా అబద్ధం రాస్తారా?" అన్నాను.

అప్పటికీ మనసొప్పక బావమరిదికి ఫోన్ చేసింది. వాడు నవ్వాడు. "వంతెనా? రోజూ దాని మీద నుంచే డ్యూటీకి వెళ్తున్నాను అక్కా! ఏం కాదు, వచ్చేయండి!"

"విన్నావా?" అన్నాను మా ఆవిడతో. "ఏం కాదంటున్నాడు! అంటే కూలిందన్నమాటే."

టికెట్లు తీసుకోలేదు. తర్వాత ఎప్పుడైనా, వానలు తగ్గాక, వంతెన మళ్ళీ కట్టాక, తీరిగ్గా వెళ్దామనుకున్నాం. ఆ మాట వాడికి నేనే చెప్పాను. "సరే బావా" అన్నాడు. వాడి జీవితంలో "ఏం కాదు" అనకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

పెళ్ళి రోజున మేం మందుల షాపులోనే ఉన్నాం. మా ఆవిడ పెళ్ళి కోసం తీసుకున్న కొత్త బట్టలు కట్టుకుని, కౌంటర్ మీద దగ్గుమందు సీసాకి ఫోన్ ఆనించి, దాని ముందు కూర్చుంది. పెళ్ళికూతురి తమ్ముడో ఎవరో అటు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపిస్తున్నాడు. ఇంటి ముందు ఎర్రమట్టి వీధి, తుడిచినట్టు శుభ్రంగా ఉంది. ఎండ కాస్తోంది. ఎక్కడా వాన జాడ లేదు. ఒక బస్సు వచ్చి ఆగింది, చుట్టాలు దిగారు.

"ఎక్కడి నుంచి వస్తున్నారు వాళ్ళంతా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"ఎయిర్‌పోర్టు నుంచి" అన్నాడు ఆ కుర్రాడు.

మెట్ల పక్కన కొత్తగా బిగించిన చెక్క చేతిపట్టు ఉంది. దాని రంగు ఇంకా ఆరలేదు, ముట్టుకోవద్దని పిల్లల్ని ఎవరో అదిలిస్తున్నారు. లోపల ఒక మూల మూత పెట్టిన పెద్ద నీళ్ళ క్యాను. దాని మీద వంకర టింకరగా తెలుగులో "అక్క" అని రాసి ఉంది. వాడి చేతిరాత నేను గుర్తుపట్టాను. రామని చెప్పినా, చివరి నిమిషంలోనైనా వస్తామేమోనని నీళ్ళు కాచి చల్లార్చి పోయించాడట. మోకాళ్ళ నొప్పి గురించి కూడా వాడే చెప్పి ఉంటాడు, లేకపోతే ఆ మెట్లకి చేతిపట్టు ఎందుకు?

పెళ్ళికొడుకు పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఎవరూ కూర్చోవడం లేదు. కుర్చీ మీద పొడవాటి నీలం గౌను ఒకటి పరిచారు, మెడ దగ్గర పూలు కుట్టారు. పెళ్ళికూతురి తల్లి దాన్ని రెండు చేతులా ఎత్తి ఫోన్ ముందు పట్టుకుంది. భుజాలు చూపించింది, చేతుల పొడవు చూపించింది, మా ఆవిడ వైపు వేలు చూపించింది. అప్పుడర్థమైంది మాకు. ఆదివారం ఆదివారం లేచి నిలబడమన్నదీ, అటూ ఇటూ తిరగమన్నదీ మర్యాద కోసం కాదు. ఫోన్లో చూసి కొలతలు తీసుకుంది ఆవిడ.

మా ఆవిడ ఏడ్చేసింది. ఆపుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి తలనొప్పి మాత్రలు అడిగితే, ఏడుస్తూనే ఇచ్చింది. అతను భయపడి "ఇవి మంచివేనా అమ్మా?" అని అడిగి మరీ తీసుకున్నాడు.

ఫోన్లో బావమరిది ముఖం దగ్గరికి వచ్చింది. కొత్త సూటులో, దువ్విన తలతో, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఈవిడ ఏడవడం చూశాడు.

"అక్కా, ఏడవకే. ఏం కాదు" అన్నాడు.

అంతలో నెట్‌వర్క్ పోయింది. తెర మీద వాడి ముఖం అలాగే బిగుసుకుపోయింది.

పాఠకులారా, ఇదంతా వరమేనని మొదట్లోనే చెప్పాను కదా, ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే ఆ వెబ్‌సైట్‌వాళ్ళ మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఉన్న వంతెనని కూల్చేస్తారా? బాధ్యత ఉండక్కర్లేదా? కడిగిపారేద్దామని కూర్చున్నాను. మూడో సైట్ ఆ వార్త ఎక్కడి నుంచి తెచ్చిందా అని చూస్తే రెండోదాని నుంచి. రెండోది మొదటిదాని నుంచి. మొదటిదాని కింద చిన్న అక్షరాల్లో ఆధారం రాసి ఉంది: "ఒక ప్రయాణికుడు".

ప్రశ్నగా వెళ్ళి జవాబుగా తిరిగొచ్చింది నా మాట! ఆ దేశం గురించి ఇంటర్నెట్‌లో ఉన్న ఏకైక తాజా సమాచారం సృష్టించినవాణ్ని నేనే! నా రచనకి ఇంతటి ప్రచారం ఈ కాలమ్‌లో ఏనాడూ దక్కలేదు. సమాచారమంతా ఒకే గొట్టంలోంచి వస్తే నమ్మకూడదని చెప్పిన పరిశోధకుణ్ని కూడా నేనే కదా? ఈ సంగతి మా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక ఇలా అచ్చులో చెబుతున్నాను. ఆవిడ ఈ పేజీలో మందులు పొట్లం కట్టే ముందు ఒకసారి చదువుతుంది.

ఇదంతా జరిగిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం షాపుకి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టింది మా ఆవిడ. పెళ్ళికూతురు. ఇప్పుడు తెలుగు కాస్త మెరుగుపడింది.

"అక్కా, తిన్నారా? అమ్మ మీ ఊరు వస్తాను అంటోంది. గౌను ఇవ్వాలి. అమ్మ అడుగుతోంది, దారి ఎలా? నీళ్ళు మంచివేనా? చీకట్లో బయటికి వెళ్ళొచ్చా?"

అంతే! ఏ వెబ్‌సైటూ చూడలేదు, ఏ ఇంజనీరునీ అడగలేదు. చిన్నబుచ్చుకుంటామేమో అన్న ఆలోచన కూడా లేదు. ఏం మనుషులండీ వీళ్ళు? ఊరి గురించి ఊర్లో ఉన్నవాళ్ళని తిన్నగా అడిగేస్తారా!

మా ఆవిడ తలెత్తి బయటికి చూసింది. నేనూ చూశాను. షాపు ముందు పైపులైను కోసమని మున్సిపాలిటీ వాళ్ళు తవ్వి వదిలేసిన గుంత నోరు తెరుచుకుని ఉంది. ఎప్పుడు పూడుస్తారో వాళ్ళకే తెలియదు. గుంత అవతల కుక్కలు. కుక్కల పైన వెలగని వీధిలైటు. కుళాయిలో ఆ ఉదయం వచ్చిన నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఇక మేముండే అపార్ట్‌మెంట్‌లో, లిఫ్ట్ మెకానిక్ బావగారైన నేనుండే అపార్ట్‌మెంట్‌లో, లిఫ్ట్ పనిచెయ్యడం లేదు.

ఇవన్నీ చెబుతుందేమోనని చూశాను. నమ్మదగిన సమాచారం అంటే అదే కదా?

"ఏం కాదమ్మా" అంది మా ఆవిడ. "అమ్మని వచ్చేయమను."

ఫోన్ పెట్టేసింది. పెట్టేసి నా వైపు తిరిగి, "ఏమండీ, చూస్తూ కూర్చుంటే ఎలా? ఆ గుంత సంగతేదో చూడండి. ఆవిడొచ్చేసరికి లైటు వెలగాలి. లిఫ్ట్ వాళ్ళకి కూడా ఫోన్ చెయ్యండి. నీళ్ళు నేను కాచిపెడతాను" అంది.

చెప్పులేసుకుని తిన్నగా గౌరవ కాన్సుల్ దుకాణానికి వెళ్ళాను. మందమైన చెక్క కావాలన్నాను, మనిషి నడిచినా విరగనిది.

"దేనికండీ?" అన్నాడాయన.

"మీ దేశంవాళ్ళు వస్తున్నారు. మా షాపు ముందు గుంత మీద వెయ్యడానికి."

ఆయన ముఖం వెలిగిపోయింది. జెండా మీద పడిన పొట్టు చేత్తో దులిపాడు. వెనక్కి వెళ్ళి, ఉన్నవాటిలోకల్లా మంచి చెక్క తనే మోసుకొచ్చాడు.

"మనవాళ్ళా! మరి మన ఊరు ఎలా ఉంటుందని అడగలేదూ?"

"అడిగారు."

"ఏం చెప్పారు?"

"ఏం కాదు, వచ్చేయమన్నాం" అన్నాను. "అందుకే, ఇంకో చెక్క కూడా ఇవ్వండి."